ఆపా నీలి తెర, నా రంగు బ్లాకులు

జెద్దాలో ఒక ఇండియన్ స్కూల్లో, ఆడపిల్లల విభాగంలో కంప్యూటర్ టీచరుగా చేరిన మొదటిరోజు నేను ల్యాబ్ తలుపు తోసేసరికి ఒకావిడ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని కంప్యూటర్ డబ్బా విప్పుతోంది. పైన వేసుకునే నల్లటి అబాయా తీసి కుర్చీకి తగిలించింది. చేతిలో స్క్రూడ్రైవర్, చీర కుచ్చిళ్ల నిండా దుమ్ము. నన్ను చూసి హిందీలో ఏదో అడగబోయి, నా మెడలోని నల్లపూసల వైపు చూసి ఆగింది.

"తెలుగా?"

అవునన్నాను.

"మాది నిజామాబాద్. ఆ బ్రష్ జెర ఇటియ్యి చెల్లె."

మా పరిచయం అంతే. ఆడపిల్లలు బడిలో ఉన్నంతసేపు మగవాళ్లెవరూ గేటు దాటి లోపలికి రాకూడదు. కంప్యూటర్లు బాగుచేసే అతను అందరూ వెళ్లిపోయాక వస్తాడు. వచ్చినా ఏం చెడిందో అతనికి చెప్పేవాళ్లుండరు. అందుకని అప్పటికే అక్కడ కంప్యూటర్ టీచరుగా ఉన్న ఆవిడ ఆ పని కూడా నేర్చుకుంది. బడిలో కేరళ టీచర్లు, లక్నో టీచర్లు, ఆయాలు అందరూ ఆవిణ్ని ఆపా, అంటే అక్క, అనేవాళ్లు. నేనూ అలాగే పిలిచాను.

మాది కర్నూలు. ఎంసీఏ చదివాను. మా ఆయన ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ ఆఫీసులో ప్లానింగ్ చూసేవాడు. పెళ్లయ్యాక ఆయన వెంట వచ్చి, కొన్నాళ్లు ఫ్లాటులో గోడలు చూస్తూ కూర్చుని, ఇక కూర్చోలేక ఈ ఉద్యోగంలో చేరాను.

ఆరో తరగతికి రెండు సెక్షన్లు. ఒకటి ఆపాది, ఒకటి నాది. పాఠ్యపుస్తకంలో సగం క్యూబేసిక్, సగం కొత్తగా వచ్చిన బ్లాకుల భాష. ఏది ముందు చెప్పుకుంటారో మీ ఇష్టం అని ప్రిన్సిపల్ మేడమ్ మాకే వదిలేసింది. ఆపా క్యూబేసిక్‌తో మొదలుపెట్టింది, నేను బ్లాకులతో. అక్కణ్నించే మా తగువు మొదలైంది.

క్యూబేసిక్ అంటే ఖాళీ నీలి తెర. దాని మీద ఒక గీత మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. కంప్యూటర్ ఏం చెయ్యాలో వరుసకొకటిగా ఇంగ్లీషు మాటల్లో టైపు చెయ్యాలి. ఒక్క అక్షరం పోయినా అది మొండికేసి కూర్చుంటుంది. బ్లాకులు అలా కాదు. 'పది అడుగులు వెయ్యి' అని రాసి ఉన్న నీలం ముక్కను మౌస్‌తో లాక్కొచ్చి, దాని కింద 'తిరుగు' అన్న ముక్క అతికిస్తే తెర మీద పిల్లి బొమ్మ నడిచి తిరుగుతుంది. పొసగని ముక్కలు ఒకదానికొకటి అతుక్కోవు. మా పిల్లలు మొదటి వారంలోనే పిల్లిని గెంతించారు, దానికి సంచీ తగిలించి బడికి పంపారు. ఆపా సెక్షన్ పిల్లలు అప్పటికింకా తమ పేరు తెర మీద రప్పించే పనిలోనే ఉన్నారు.

మేమిద్దరం షరఫియా వైపు వెళ్లే బడి బస్సులో పక్కపక్కన కూర్చునేవాళ్లం. తగువంతా ఆ సీట్లోనే జరిగేది.

"పొసగని ముక్క అతకనే అతకకపోతే, గా ముక్క ఎందుకు పొసగదో పిల్లకెట్ల తెలుస్తది?" అనేది ఆపా. "మిషినే చేయి పట్టుకొని నడిపిస్తున్నట్టున్నది."

"చెయ్యి పట్టుకోకుంటే పడిపోతారు గదా ఆపా."

"పడనియ్యి. పడ్డోళ్లే లేస్తరు."

"లేవకుండా పారిపోయేవాళ్లూ ఉంటారు. నేనే పారిపోబోయినా."

అది నిజం. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివి ఎంసీఏలో చేరినప్పుడు, ఆ మిణుకుమనే గీతను చూస్తే నాకు భయం పట్టుకునేది. లెక్క తెలుసు, దారి తెలుసు, కానీ ఇంగ్లీషు స్పెల్లింగ్ తప్పి అంతా ఎర్రగా వచ్చేది. పక్కవాళ్లు నవ్వేవాళ్లు. నా పిల్లలకు ఆ మొదటి భయం ఉండకూడదనుకున్నాను. ఆపా కథ వేరు. ఆవిడ నిజామాబాదులో డిప్లొమా చేసిన చోట కంప్యూటర్లు తక్కువ, నేర్చుకునేవాళ్లు ఎక్కువ. తన వంతు వచ్చేదాకా బయట బెంచీ మీద కూర్చుని ప్రోగ్రామ్ కాగితం మీద రాసి, తనే కంప్యూటర్ అనుకుని వరుస వెంట వరుస చదువుకునేదట. "నా నంబర్ వచ్చేవరకు ఒక్క తప్పు మిగిల్తే ఒట్టు" అనేది గర్వంగా. మా ఇద్దరిలో ఎవరికి ఏది మేలు చేసిందో దాన్నే పిల్లలకు పెట్టాలని చూశాం.

ఆపా అన్నగారు ఉనైజాలో ఖర్జూరం తోటల దగ్గర వ్యాపారం చేసేవాడు. కాపు మీద ఆయన పంపే ఖర్జూరాలను ఆపా డబ్బాలో పోసి ల్యాబుకు తెచ్చేది. ఎవరి ప్రోగ్రాములో తప్పు వాళ్లే పట్టుకుంటే ఒక ఖర్జూరం. పక్కపిల్ల చెబితే లేదు, టీచరు చెబితే అసలే లేదు. కొన్నాళ్లకు నాకొక అనుమానం వచ్చి బస్సులో చెప్పాను.

"ఆపా, మీ పిల్లలు కావాలని తప్పులు రాసి, మళ్లీ వాళ్లే పట్టుకుంటున్నారు. ఖర్జూరాల కోసం."

ఆపా పడీ పడీ నవ్వింది. "నాకు ఎరుకలేదా? ఎరుకయ్యే ఇస్తున్న. కావాలని తప్పు రాయాలంటే ప్రోగ్రామ్ మొత్తం అర్థమై ఉండాలె గదా చెల్లె."

ఆ రోజు నుంచి తగువులో నా గొంతు కాస్త తగ్గింది. ఆవిడ గొంతు తగ్గింది మాత్రం ఇంకో రోజు. విరామంలో నేను టిఫిన్ డబ్బా మరిచిపోయి ల్యాబుకు తిరిగొస్తే, ఆపా ఒక్కతే నా సెక్షన్ కంప్యూటర్ ముందు కూర్చుని పిల్లి బొమ్మను అటూ ఇటూ నడిపిస్తోంది. పిల్లి గోడకు తగిలి తలకిందులైంది. ఆపా చిన్నపిల్లలా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నన్ను చూడగానే మౌస్ వదిలేసింది.

"ఏమో, మౌస్ పనిచేస్తలేదని చూస్తున్న."

"పనిచేస్తాందా ఆపా?"

"చేస్తుంది, చేస్తుంది" అంటూ లేచి వెళ్లిపోయింది.

అప్పటికే నితాఖాత్ అన్న మాట పిల్లలక్కూడా తెలుసు. ఎంతమంది సౌదీవాళ్లకు ఉద్యోగమిచ్చిందన్న దాన్నిబట్టి ప్రభుత్వం ప్రతి కంపెనీకీ ఒక రంగు ఇచ్చేది. గ్రీన్ అయితే పర్వాలేదు, రెడ్ అయితే కష్టం. ఒకరోజు ఆపా 'ఇలా అయితే ఇది చెయ్యి, లేకపోతే అది చెయ్యి' అన్న పాఠం చెబుతూ, మార్కులు తక్కువొస్తే ఫెయిల్, లేకపోతే పాస్ అని బోర్డు మీద రాసి, ఇంకో ఉదాహరణ చెప్పమంది. ముందు బెంచీ పిల్ల లేచి, "కంపెనీ రెడ్ అయితే ఇకామా రెన్యువల్ కాదు, లేకపోతే అవుతుంది" అని గడగడా చెప్పింది. ఇకామా అంటే ఆ దేశంలో ఉండటానికిచ్చే పర్మిట్. క్లాసులో ఎవరూ నవ్వలేదు. సరిగ్గా చెప్పిందన్నట్టు తలలూపారు. ఆపా ఆ వాక్యాన్ని అలాగే బోర్డు మీద రాసి, "శభాష్" అంది.

ఆ తర్వాత ఫ్యామిలీల మీద లెవీ అనే పన్ను వచ్చింది. భార్యకింత, పిల్లకింత అని నెలనెలా లెక్క, అది ఏటేటా పెరుగుతుందని ముందే చెప్పేశారు. ఎండాకాలం సెలవులకు ఊరెళ్లిన కుటుంబాలు చాలా వరకు తిరిగి రాలేదు. తండ్రులొక్కళ్లే వచ్చి, ఫ్లాట్లు ఖాళీ చేసి, నలుగురైదుగురు కలిసి గదుల్లోకి మారారు. ఉన్న కుటుంబాలు కూడా ఒక్కొక్కటే ఫైనల్ ఎగ్జిట్‌కు, అంటే మళ్లీ రాకుండా వెళ్లిపోవడానికి, సిద్ధమయ్యాయి. అక్కడ వారం మొదలయ్యే ఆదివారం హాజరు పిలుస్తుంటే పేరు పిలిచాక నిశ్శబ్దం. పక్కపిల్ల లేచి, "షీ వెంట్ ఫైనల్, మిస్" అనేది. పుస్తకాల్లో రంగులేసుకునే వయసు పిల్లల నోట ఆ మాట వినడం నాకు ఎప్పటికీ అలవాటు కాలేదు.

రెండు సెక్షన్లూ కలిపేశారు. ఆ పిల్లలు అప్పటికి ఏడో తరగతి. ల్యాబులో మాకిద్దరికీ కలిపి ఒకటే క్లాసు. సగంమంది ఆపా పిల్లలు, సగంమంది నా పిల్లలు. ఆపా పిల్లలు కిటికీ వైపు కూర్చుని టకటకా టైపు చేసేవాళ్లు. నా పిల్లలు గోడ వైపు కూర్చుని బొమ్మలు కదిలించేవాళ్లు. ప్రిన్సిపల్ మేడమ్ ఒకసారి తొంగిచూసి, "ఇది ఒక క్లాసేనా?" అని అడిగి వెళ్లింది. మేం దానికి ఏం చెయ్యాలో ఆలోచించకముందే ఒక పిల్ల చేసిన ఆట మమ్మల్ని కలిపింది.

ఆ పిల్ల నా సెక్షన్‌దే. వాళ్లది కడప. తండ్రి బలద్ బజారులో ఒక మొబైల్ షాపులో ఫోన్లు బాగుచేసేవాడు. మొబైల్ షాపుల్లో సౌదీవాళ్లే పనిచెయ్యాలని రూలు వచ్చాక ఆ పని పోయింది. కఫీల్, అంటే వీసా ఇచ్చిన సౌదీ యజమాని, మంచివాడు కావడంతో తన ఇంకో కొట్లో, కర్టెన్ల గుడ్డలు అమ్మే చోట పెట్టుకున్నాడు. కొన్నాళ్లు లాక్కొచ్చారు. లెవీతో ఇక కుదరక, తల్లీ పిల్లలు అర్ధసంవత్సర పరీక్షలయ్యాక కడపకు వెళ్లిపోవాలని నిర్ణయమైంది. పిల్ల ఎక్కువ మాట్లాడేది కాదు. ఏదైనా అడిగితే ముందు జడ సవరించుకుని తర్వాత జవాబు చెప్పేది.

బడిలో వార్షిక ప్రదర్శన వస్తోంది. ఎవరికి తోచింది వాళ్లు చెయ్యమన్నాం. ఆ పిల్ల సూట్‌కేసు ఆట చేసింది. తెర మధ్యలో తెరిచిన పెద్ద సూట్‌కేసు. చుట్టూ ఇంట్లో సామాన్లు: ప్రెషర్ కుక్కర్, మిక్సీ, రగ్గు, ఇస్త్రీపెట్టె, మక్కా నుంచి తెచ్చే జంజం నీళ్ల డబ్బా, పుస్తకాలు, ఎలుగుబంటి బొమ్మ. అన్నీ తనే మౌస్‌తో గీసింది. దేని మీద నొక్కితే అది వెళ్లి సూట్‌కేసులో పడుతుంది, పక్కన బరువు పెరుగుతుంది. మళ్లీ నొక్కితే బయటికొస్తుంది, బరువు తగ్గుతుంది. విమానం వాళ్లు ఒప్పుకునే బరువు దాటితే తెరంతా ఎర్రబడి గంట మోగుతుంది.

పిల్లలు ఆ ఆట మీద ఎగబడ్డారు. అందరిళ్లలోనూ అదే నడుస్తోంది మరి. కిటికీ వైపు పిల్లలు కూడా లేచి గోడ వైపుకొచ్చేశారు. కానీ ఆటలో ఒక చిక్కు. ఒక్కోసారి సరిగ్గా ఆడేది, ఒక్కోసారి సూట్‌కేసు సగం ఖాళీగా ఉండగానే గంట మోగేసేది.

"మిస్, బరువు దానంతట అదే పెరుగుతాంది" అని పిల్ల నా దగ్గరకొచ్చింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "దయ్యం ఉందంటాండారు అందరూ."

నేను కూర్చుని చూశాను. ఈ బ్లాకుల భాషలో ఒక్కో బొమ్మకు దాని ముక్కలు విడిగా ఉంటాయి. కుక్కర్ మీద నొక్కితే కుక్కర్ ముక్కలే కనిపిస్తాయి, మిక్సీ మీద నొక్కితే మిక్సీవి. అన్నీ ఒక్కచోట చూద్దామంటే కుదరదు. ఒకదాన్ని చూసి ఇంకోదానికి వెళ్లేసరికి మొదటిది మరిచిపోతున్నాను. ఆ పీరియడంతా వెతికి ఊరుకున్నాను.

మర్నాడు ఆపా తనే వచ్చి పిల్ల పక్కన కుర్చీ వేసుకుంది.

"ఏంది బిడ్డా, దయ్యం దొరికిందా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"కంప్యూటర్‌ల దయ్యాలుండయి. ఆ కుక్కర్ ఏం చేస్తదో నాకు చదివి చెప్పు. నాకు ఈ రంగులు సమజ్ కావు. నువ్వు చదువు, నేను రాస్త."

పిల్ల చదవడం మొదలుపెట్టింది. ఆపా బోర్డు మీద రాసింది, క్యూబేసిక్‌లో కాదు, తెలుగులో: 'కుక్కర్ లోపలికి పోతే బరువుకు మూడు కలుపు. బయటికొస్తే మూడు తియ్యి.' తర్వాత మిక్సీ. తర్వాత ఇస్త్రీపెట్టె. ఒక్కోదానికి రెండేసి వరుసలు, ఒకదాని కింద ఒకటి. పిల్లలందరూ వెనక నిలబడి చూస్తున్నారు. అర్థంకాని కేరళ పిల్లలకు పక్కవాళ్లు ఇంగ్లీషులో చెబుతున్నారు. చివరికి రగ్గు వంతు వచ్చింది.

"రగ్గు లోపలికి పోతే నాలుగు కలుపు" అని చదివింది పిల్ల. "బయటికొస్తే నాలుగు..."

ఆగిపోయింది. జడ సవరించుకుంది. బోర్డు మీద పై వరుసలన్నీ చూసింది. మళ్లీ తెర చూసింది.

"ఆపా! దీంట్లో కూడా కలుపు అనే ఉంది. తియ్యి అని లేదు. రగ్గు అన్నింటికన్నా ముందు చేసినా. అప్పుడు నాకు తీసేది తెలీదు. మిగతావన్నీ తర్వాత సరిగ్గా చేసినా గానీ, దీన్ని మార్చడం మర్చిపోయినా!"

రగ్గు పెట్టి తీసినవాళ్లకే గంట మోగింది. దాని జోలికి పోనివాళ్లకు ఆట బాగానే నడిచింది. దయ్యం అదే.

ఆపా డబ్బా తెరిచి ఖర్జూరం ఇచ్చింది. పిల్ల రగ్గును సరిచేసింది, నేను పెట్టాను, తీశాను, పెట్టాను, తీశాను. లెక్క సరిపోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆ మధ్యాహ్నం బస్సులో నేనే మొదలుపెట్టాను. "బోర్డు మీద రాయకుంటే అది దొరికేది కాదు ఆపా. మీరు గెలిచినారు."

ఆపా నా వైపు తిరిగింది. "గెలుసుడేంది? నీలి తెర మీద అయితే ఆ పిల్ల గసుంటి ఆట ఎన్నటికీ చేయకపోవు. నా పిల్లలు ఇన్ని రోజులు టైపు చేస్తున్నరు, ఒక్కరన్న తమ ఇంటి ముచ్చట చేసిన్రా? మార్కులు, టేబుళ్లు, అంతే. నువ్వు ముందు బ్లాకులు చెప్పు, నేను తర్వాత రాత చెప్త. ఒక్కటే క్లాస్ గదా ఇగ" అంది.

అలాగే చేశాం. కొత్త పాఠం ఏదైనా పిల్లలు ముందు బ్లాకులతో కట్టేవాళ్లు. తర్వాత దాన్ని పైకి చదివేవాళ్లు. చదివింది రాసేవాళ్లు. ఆ తర్వాతే నీలి తెర. కిటికీ వైపు, గోడ వైపు అన్న మాట పోయింది.

ప్రదర్శన రోజు తల్లులు వచ్చారు. సూట్‌కేసు ఆట దగ్గర జనం. ఒకావిడ మిక్సీ తీసేసి జంజం డబ్బా పెట్టింది. ఇంకొకావిడ ఇస్త్రీపెట్టె ఊళ్లో కొనుక్కోవచ్చు గదా అని సలహా ఇచ్చింది. నిజంగానే సామాను సర్దుతున్నట్టు వాదించుకున్నారు. పిల్ల వాళ్లమ్మ అందరూ అయ్యాక వచ్చి కూర్చుంది. ఆవిడ కుక్కర్ ముట్టుకోలేదు, రగ్గు ముట్టుకోలేదు. ఎలుగుబంటి బొమ్మ పెట్టింది, పుస్తకాలన్నీ పెట్టింది, అంతటితో మూసేసింది.

"అమ్మా, ఇంకా చోటుంది. కుక్కర్ పట్టుద్ది" అంది పిల్ల.

"ఇంట్లో ఎట్లాగూ పుస్తకాలు తీసి కుక్కరే పెట్టినా గదమ్మా" అంది ఆవిడ. "ఈడన్నా నీయి పెట్టుకోనీ."

నేను వేరే బల్ల దగ్గర ఏదో పనున్నట్టు వెళ్లిపోయాను. ఆపా మాత్రం ఆవిడ భుజం మీద చెయ్యి వేసి అక్కడే నిలబడింది.

పరీక్షలయ్యాక వాళ్లు వెళ్లిపోయారు. కొన్ని వారాలకు వాళ్లమ్మ నంబరు నుంచి వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. తెల్లకాగితం మీద పెన్నుతో రాసిన ప్రోగ్రామ్. కింద, 'మిస్, ఇక్కడ స్కూల్లో కంప్యూటర్ రూముకు తాళం వేసి ఉంచుతారు. అందుకని పేపర్ మీద రాసినా. ఇది నడుస్తుందా?' అని ఉంది. అంతకుముందు బ్లాకులు లేనిదే అడుగు వెయ్యని పిల్ల అది. బ్లాకులకు తెర కావాలి, రాతకు కాగితం చాలు. ఈ సంగతి ఆపా బెంచీ కథలో ఎన్నిసార్లు విన్నా నాకు అప్పుడే ఒంటబట్టింది.

బస్సులో ఆపాకు చూపించాను. ఆవిడ కళ్లజోడు పైకి జరుపుకుని, వేలు పెట్టి వరుస వెంట వరుస చదివింది.

"ఒక తప్పున్నది."

"ఎక్కడో చెప్పి పంపిద్దామా?"

"వద్దు. ఉన్నదని మాత్రం చెప్పు. ఎక్కడున్నదో ఆమెనే చూస్కుంటది."

మరుసటి రోజు ఉదయానికల్లా సరిచేసిన ఫోటో వచ్చింది. ఆ తర్వాత చాలా నెలలు మా బస్సు ప్రయాణం ఆ కాగితాలతోనే గడిచింది. ఇద్దరం తలలు దగ్గరపెట్టి, మేమే కంప్యూటర్లమై ఆ పిల్ల ప్రోగ్రాములు నడిపేవాళ్లం. ఆపా పైకి చదివేది, నేను వేళ్ల మీద లెక్కపెట్టేదాన్ని. వెనక సీటు పిల్లలు, "మిస్, వాట్స్ ది అవుట్‌పుట్?" అని అరిచేవాళ్లు.

మరుసటి ఎండాకాలానికి వెళ్లిపోయే వంతు ఆపాకు వచ్చింది. వాళ్లాయన కంపెనీ మనుషుల్ని తగ్గించుకుంది. చివరి రోజు ల్యాబులో నన్ను పక్కకు పిలిచి, ఫోన్ చేతిలో పెట్టింది.

"దీంట్ల ఆ పిల్లి బొమ్మది పెట్టియ్యి చెల్లె. మనవరాలు ఉన్నది ఇంటికాడ. దానికి అక్షరాలు రావు ఇంకా."

పెట్టిచ్చాను. ఎలా తెరవాలో చూపించబోతే, "ఎరుకే" అంది.

నేను ఇంకొన్నాళ్లుండి కర్నూలు వచ్చేశాను. ఇప్పుడు ఇక్కడే ఒక బడిలో చెబుతున్నాను, ముందు బ్లాకులు, తర్వాత రాత. కడప పిల్ల పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ బ్రాంచి చదువుతోంది. ఈమధ్య ఫోన్ చేసింది. ల్యాబులో తప్పు వెతుక్కునేలోపే సారు జవాబు చెప్పేస్తున్నాడని ఒకటే ఫిర్యాదు. మాటల మధ్యలో, "మిస్, ఆపా నంబర్ ఉందా?" అని అడిగింది. ఇచ్చాను. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. మర్నాడు ఆపా ఫోన్ చేసి, ఆ పిల్ల గొంతు అచ్చం వాళ్లమ్మ గొంతులాగే అయిందని మాత్రం చెప్పింది.